గన్ లైసెన్సు: ఎలా అడగాలి, కాదంటే ఎలా నిలదీయాలి

మన దేశంలో తుపాకీ పెట్టుకోవడం హక్కు కాదు. ముందే ఎందుకు చెప్తున్నానంటే, "ఆత్మరక్షణ నా హక్కు కాబట్టి తుపాకీ కూడా నా హక్కే" అనే వాదన ఫోన్లలో తిరిగే వీడియోల్లో బాగా వినిపిస్తోంది, దాన్ని నమ్ముకుని కలెక్టరాఫీసు మెట్లెక్కినవాళ్లు మొదటి రోజే నీరుగారిపోయి వస్తున్నారు. అలాగని అంతా అధికారి దయ మీద ఆధారపడి ఉంటుందనుకోవడం కూడా తప్పే. మీ దరఖాస్తు తీసుకోవాలి, విచారణ చేయించాలి, గడువులోపు తేల్చాలి, కాదంటే కారణం కాగితం మీద పెట్టాలి. ఇవన్నీ చట్టం ప్రభుత్వం నెత్తిన పెట్టిన బాధ్యతలు, వాటిని అడగడం మాత్రం నిస్సందేహంగా మీ హక్కు. "కుదరదు, పోండి" అని నోటిమాటతో పంపేసే అధికారం ఏ ఆఫీసరుకీ లేదు. తుపాకీ మనుషుల చేతుల్లో ఎంత తక్కువగా ఉంటే అంత మంచిదని నమ్మేవాణ్ణి నేను, అయినా ఈ రెండో విషయంలో మాత్రం రాజీ పడకూడదంటాను.

1. ముందు హక్కు సంగతి తేల్చుకోండి

రాజ్యాంగం 19వ అధికరణ మనకు సమావేశమయ్యే హక్కు ఇచ్చింది, కానీ "శాంతియుతంగా, ఆయుధాలు లేకుండా" అని షరతు పెట్టింది. సిక్కులు కృపాణ్ ధరించడాన్ని 25వ అధికరణ వివరణలో గుర్తించారు. ఇంతకుమించి పౌరుడి చేతిలో ఆయుధం గురించి హక్కుల అధ్యాయంలో ఏమీ లేదు. మర్చిపోయి వదిలేశారనుకోకండి. 1878లో లిట్టన్ వైస్రాయిగా ఉన్నప్పుడు వచ్చిన ఆయుధాల చట్టం భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియన్లను వదిలేసింది, ఆ అవమానం మన నాయకులను చాలాకాలం బాధించింది. అందుకే 1931 కరాచీ కాంగ్రెస్ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధాలు ఉంచుకునే హక్కు పౌరులకు ఉండాలని రాశారు. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ దాన్ని ప్రాథమిక హక్కుల్లో చేర్చాలని సవరణ కూడా పెట్టారు. అంబేద్కర్ ఒప్పుకోలేదు, సభ దాన్ని తోసిపుచ్చింది.

కోర్టుల్లోనూ ఈ చర్చ నడిచింది. 1993లో అలహాబాద్ హైకోర్టు ఒక తీర్పులో నిషేధం లేని ఆయుధం ఉంచుకోవడం 21వ అధికరణ కింద జీవించే హక్కులో భాగమేనంది, తర్వాత అదే హైకోర్టు ఫుల్ బెంచ్ ఆ మాటను కొట్టేసింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు లైసెన్సు లేని ఆయుధాల విషయాన్ని తనంతట తానుగా పట్టించుకుంటూ, అమెరికాలో లాగా మన రాజ్యాంగంలో ఆయుధం ధరించే ప్రాథమిక హక్కు లేదని స్పష్టంగా చెప్పింది. అమెరికాతో తేడా ఎక్కడుందో చూడండి: అక్కడి సుప్రీంకోర్టు 2022లో న్యూయార్క్ చట్టాన్ని కొట్టేసింది, ఎందుకంటే బయట తుపాకీ పెట్టుకుని తిరగాలంటే తగిన కారణం చూపించమని ఆ చట్టం అడిగింది. మన చట్టంలో చాలా ఆయుధాలకు అసలు పునాదే ఆ కారణం. కాబట్టి అక్కడి వాదనలు తెచ్చి ఇక్కడి దరఖాస్తులో రాస్తే లాభం లేదు.

మనకు వర్తించేవి రెండే: 1959 ఆయుధాల చట్టం, 2016 ఆయుధాల నిబంధనలు. చట్టాన్ని 2019లో గట్టిగా సవరించారు, అందుకే పాత పుస్తకాలు చూసి శిక్షలు, గడువులు లెక్కేసుకోవద్దు.

2. మీకు అర్హత ఉందా?

ఆయుధాల చట్టం 9వ సెక్షన్ చూడండి. 21 ఏళ్లు నిండాలి (షూటింగ్ నేర్చుకునే పిల్లలకు వేరే సడలింపు ఉంది). హింస లేదా నైతిక పతనానికి సంబంధించిన నేరంలో జైలు శిక్ష పడితే, శిక్ష పూర్తయ్యాక ఐదేళ్ల వరకూ అనర్హత. మానసిక స్థిమితం లేనివారికి ఇవ్వరు.

వీటికంటే మనవాళ్లకు ఎక్కువగా అడ్డుపడేది బైండోవర్. ఎన్నికలు వచ్చాయంటే, ఊళ్లో గొడవ జరిగిందంటే, పొలం గట్టు తగాదా ముదిరిందంటే, పోలీసులు రెండు వర్గాలనూ తీసుకెళ్లి తహసీల్దారు ముందు బాండు రాయిస్తారు కదా, చాలామంది దాన్ని పట్టించుకోకుండా సంతకం పెట్టి వచ్చేస్తారు. శాంతిభద్రతల కోసమో సత్ప్రవర్తన కోసమో బాండు రాయమని ఆర్డరు ఉంటే, ఆ బాండు గడువు ఉన్నన్నాళ్లూ మీ దగ్గర తుపాకీ ఉండటానికే వీల్లేదు. గడువు అయిపోగానే ఆ అనర్హత పోతుంది. అందుకే బైండోవర్ అయినవాళ్లు ఆ ఆర్డరు కాపీ తెచ్చుకుని, తేదీ చూసుకుని, ఆ తర్వాతే దరఖాస్తు చేయండి, "అదెప్పుడో అయిపోయిందండీ" అంటే సరిపోదు, కాగితం చూపించాలి.

రౌడీషీట్ వేరు. అది 9వ సెక్షన్‌లో లేదు, కానీ పోలీసు రిపోర్టులో తప్పకుండా వస్తుంది, 14వ సెక్షన్‌లో "ఏ కారణం చేతనైనా తగనివాడు" అని ఒక వెడల్పాటి మాట ఉంది, దాని కిందికి తీసుకొస్తారు. షీట్ అన్యాయంగా తెరిచారని మీరనుకుంటే ముందు దాన్ని హైకోర్టులో తేల్చుకోవాలి.

3. ఏ తుపాకీ అడుగుతున్నారు? ఇక్కడే సగం కేసులు పోతాయి

చాలామంది నేరుగా రివాల్వర్ లేదా పిస్టల్ అడుగుతారు. అడగొచ్చు, తప్పు లేదు, కానీ 13వ సెక్షన్ మూడో క్లాజు ఒక్కసారి నెమ్మదిగా చదవండి, ఎందుకంటే చట్టం అక్కడ ఆయుధాలను రెండు వరుసల్లో పెట్టింది.

మొదటి వరుసలో ఉన్నవి: భారత పౌరుడు రక్షణ కోసమో క్రీడ కోసమో అడిగే నున్న గొట్టం తుపాకీ (అంటే బ్యారెల్ లోపల గాడులు లేనిది, మన సింగిల్ బ్యారెల్, డబుల్ బ్యారెల్ 12 బోర్ లాంటివి), బ్యారెల్ పొడవు 20 అంగుళాలకు తగ్గకూడదు, నిజంగా పంట కాపాడుకోవడానికైతే మందు దట్టించి పేల్చే తుపాకీ, గుర్తింపు ఉన్న షూటింగ్ క్లబ్ సభ్యుడైతే టార్గెట్ ప్రాక్టీసుకు పాయింట్ 22 రైఫిల్. వీటికి 14వ సెక్షన్‌లోని అభ్యంతరాలేవీ లేకపోతే లైసెన్సు "ఇవ్వాలి" అని చట్టం అంటుంది.

రెండో వరుసలో మిగిలినవన్నీ, రివాల్వర్లు, పిస్టళ్లతో సహా. వీటికి దరఖాస్తుదారుడికి సరైన కారణం ఉందని అధికారి సంతృప్తి చెందాలి. ఆ సంతృప్తి కలిగించే భారం మీ మీదే ఉంటుంది.

ఊరికి దూరంగా తోటలో కాపురం ఉంటూ దొంగల భయంతో తుపాకీ కావాలనుకునే కుటుంబం మొదటి వరుసలో అడిగితే చట్టం వారివైపు మొగ్గుతుంది, రెండో వరుసలో అడిగితే అధికారి వైపు మొగ్గుతుంది. నడుముకు పెట్టుకుని తిరిగే ఆయుధం మీద మోజుతో ఈ తేడాను వదులుకోవద్దని నా సలహా.

ప్రొహిబిటెడ్ బోర్, అంటే నిషేధిత ఆయుధాలు, అనే మూడో రకం ఉంది. ఆటోమేటిక్ ఆయుధాలు, సైన్యం, పోలీసులు వాడే కొన్ని సైజులు. జిల్లా స్థాయిలో వీటికి లైసెన్సు రాదు, కేంద్రం చేతిలో ఉంటుంది, మామూలు మనిషికి దారి మూసుకున్నట్టే. ఇవి అక్రమంగా దొరికితే 7 నుంచి 14 ఏళ్ల జైలు. ఎయిర్‌గన్ల విషయంలో పాయింట్ 177 బోర్, 20 జౌళ్ల శక్తి లోపలున్న వాటికి లైసెన్సు అక్కర్లేదు.

నాటు తుపాకీ గురించి రైతులు, ఏజెన్సీ ప్రాంతాలవాళ్లు తరచూ అడుగుతారు: తాతల నాటిది ఇంట్లో ఉంది, దానికి లైసెన్సు చేయించుకోవచ్చా అని. తయారీదారు పేరూ, నంబరూ, గుర్తూ లేని తుపాకీని అమ్మడం, చేతులు మార్చడం 8వ సెక్షన్ నిషేధిస్తుంది, ఊళ్లో కమ్మరి చేసిన దాని మీద అవేవీ ఉండవు. అలాంటిది ఉంటే లైసెన్సు ఆలోచన మానేసి, వకీలుతో మాట్లాడి, ఆయన ద్వారా అప్పగించడమే మంచిది. పైగా పంట రక్షణ లైసెన్సు చేతికి వచ్చినా అడవిపందిని కాల్చే అనుమతి వచ్చినట్టు కాదు. దానికి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అడ్డం ఉంటుంది, అటవీశాఖ అనుమతి వేరుగా కావాలి. ఈ ఒక్క విషయం తెలియక మంచి రైతులు రెండు చట్టాల కింద ఇరుక్కుంటున్నారు.

4. దరఖాస్తు రాసే పద్ధతి

కమిషనరేట్ ఉన్న చోట పోలీస్ కమిషనర్, మిగతా చోట్ల జిల్లా మేజిస్ట్రేట్ హోదాలో కలెక్టర్ లైసెన్సు ఇచ్చే అధికారి. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ లాంటి చోట్ల కలెక్టరేట్ చుట్టూ తిరగనక్కర్లేదన్నమాట. వ్యక్తిగత లైసెన్సుకు ఏ-1 ఫారం, ఆన్‌లైన్‌లో కేంద్ర హోం శాఖ ఆయుధ లైసెన్సుల పోర్టల్‌లో నింపాలి. గుర్తింపు, చిరునామా, పుట్టినతేదీ రుజువులు, ఫొటోలు, శారీరక, మానసిక ఆరోగ్యం మీద డాక్టరు సర్టిఫికెట్, తుపాకీ వాడకంలో శిక్షణ పొందినట్టు సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా తాళం వేసి దాచే ఏర్పాటు ఉందన్న హామీ జత చేయాలి. పెండింగ్ కేసులు ఉంటే దాచొద్దు. సమాచారం దాచి తెచ్చుకున్న లైసెన్సును రద్దు చేయడానికి 17వ సెక్షన్‌లో ప్రత్యేకంగా ఒక క్లాజే ఉంది, ఆ దాచడం మీద మళ్లీ వేరే కేసు.

ఇక అసలు పని "కారణం" రాసే గడి. "నాకు ప్రాణహాని ఉన్నందున లైసెన్సు ఇప్పించగలరని ప్రార్థన" అని రాస్తే అధికారికి పట్టుకోవడానికి ఏమీ దొరకదు. ఇలా రాయండి: "మా ఇల్లు ఊరికి దూరంగా తోటలో ఒంటరిగా ఉంది. దగ్గరి పోలీస్ స్టేషన్ 18 కిలోమీటర్లు. గత ఏడాది రెండుసార్లు మోటార్లు, ఒకసారి ఇంట్లో సామాను దొంగతనం జరిగింది, ఎఫ్ఐఆర్ కాపీలు జతపరిచాను. ఇంట్లో వృద్ధులైన తల్లిదండ్రులు ఉంటారు. నేను శిక్షణ పొందాను, తుపాకీ దాచడానికి గోడకు బిగించిన ఇనుప బీరువా ఉంది." ఇందులో గొప్ప భాష ఏమీ లేదు. కానీ ప్రతి వాక్యాన్నీ విచారణకు వచ్చిన ఎస్సై తన కళ్లతో చూసి అవునో కాదో రాయగలడు, రేపు తిరస్కరిస్తే అప్పీలులో "వీటిలో ఏది తప్పని తేల్చారు?" అని మీరు అడగగలరు. వ్యాపారులైతే నగదు తీసుకెళ్లే దారి, వేళలు, వచ్చిన బెదిరింపులు, వాటి మీద ఇచ్చిన ఫిర్యాదులు రాయాలి. 2016 నిబంధనలు కూడా నివాస ప్రాంతం వల్లనో, వృత్తి వల్లనో ప్రాణానికి తీవ్రమైన ముప్పు ఉన్నవాళ్లను లెక్కలోకి తీసుకోమంటున్నాయి.

దరఖాస్తు నంబరు, తేదీ ఉన్న రసీదు తప్పకుండా తీసుకోండి. ముందు ముందు అన్ని గడువులకూ అదే ఆధారం.

5. పోలీసు విచారణ

మీ స్టేషన్ ఎస్సై గానీ కానిస్టేబుల్ గానీ ఇంటికి వస్తారు, చుట్టుపక్కలవాళ్లను అడుగుతారు, కేసుల రికార్డు చూస్తారు. మర్యాదగా అన్నీ చూపించండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడతానన్నా అభ్యంతరం చెప్పొద్దు, నిజానికి తాగి గొడవ చేసే మనిషి చేతికి తుపాకీ వెళ్లకుండా ఆపేది ఈ ఒక్క అంచే, దీన్ని నేను ప్రభుత్వ జోక్యం అని తిట్టను.

పోలీసు రిపోర్టు 30 రోజుల్లో వెళ్లాలి. రిపోర్టు రాకపోతే దాని కోసం ఆగకుండానే నిర్ణయం తీసుకునే వెసులుబాటు 13వ సెక్షన్ లైసెన్సు అధికారికి ఇచ్చింది. రిపోర్టు అనుకూలంగా ఉన్నంత మాత్రాన లైసెన్సు వచ్చేసినట్టు కాదు, వ్యతిరేకంగా ఉంటే పోయినట్టూ కాదు, తన బుర్ర పెట్టి తేల్చాల్సింది కలెక్టరో కమిషనరో. "పోలీసులు సిఫారసు చేయలేదు" అని ఒక్క లైనుతో ముగించిన ఆర్డర్లు హైకోర్టుల్లో నిలబడకపోవడానికి కారణం ఇదే. ఈ దశలో ఎవరైనా మామూళ్లు అడిగితే ఏసీబీ ఉంది, ఇచ్చి మాత్రం ఇరుక్కోకండి.

6. నెలలు గడుస్తున్నా ఉలుకూ పలుకూ లేకపోతే

ఇదే అన్నిటికంటే మామూలు పరిస్థితి. ఫైలు ఏ టేబుల్ మీద ఉందో ఎవరికీ తెలియదు, ఫోన్ చేస్తే "ప్రాసెస్‌లో ఉంది" అంటారు, మీరు కూడా ఇంకో నెల చూద్దాంలే అనుకుంటారు, అలా ఏడాది పోతుంది. పోలీసు రిపోర్టు అందిన 60 రోజుల్లో ఇస్తామో ఇవ్వమో తేల్చాలని నిబంధన ఉంది. దాన్ని వాడుకోవాలంటే వరసగా ఇలా వెళ్లండి.

ముందు రసీదు నంబరు, తేదీ రాస్తూ, నిర్ణయం తెలపమని ఒక చిన్న ఉత్తరం రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. తిట్లూ, ఉపన్యాసాలూ వద్దు. తర్వాత ఆర్‌టీఐ వేయండి. "నా లైసెన్సు ఎందుకు ఇవ్వలేదు" అని అడిగితే అది సమాచారం కిందికి రాదని తప్పించుకుంటారు, కాబట్టి ప్రశ్నలు ఇలా ఉండాలి: నా దరఖాస్తు మీద పోలీసు రిపోర్టు అందిన తేదీ ఎంత? ఫైలు ఏయే తేదీల్లో ఎవరెవరి దగ్గరికి వెళ్లింది? నోట్ ఫైలు కాపీ ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే మొదటి అప్పీలు అదే ఆఫీసులో పై అధికారికి.

ఈ రెండూ చేతిలో ఉన్నాక హైకోర్టులో 226వ అధికరణ కింద రిట్ వేస్తే, సాధారణంగా కోర్టు ఫలానా వారాల్లో నిర్ణయం తీసుకోమని ఆదేశిస్తుంది. తుపాకీ ఇమ్మని కోర్టు చెప్తుందని ఆశపడొద్దు, ఆ నిర్ణయం చట్టం అధికారికే వదిలింది. ఏదో ఒకటి తేల్చమని మాత్రం చెప్తుంది.

7. తిరస్కరిస్తే

ఆర్డరు కాపీ తీసుకుని తీరిగ్గా కూర్చోండి. 14వ సెక్షన్ ప్రకారం కాదనడానికి ఉన్న కారణాలు కొన్నే: నిషేధిత ఆయుధం అడగడం, మీకు అనర్హత ఉండటం, మీరు తగనివారని తేలడం, కాదనడం ప్రజాశాంతికీ భద్రతకూ అవసరమని భావించడం. మీ ఆర్డరులో రాసింది వీటిలో దేని కిందికి వస్తుందో చూడండి. దేని కిందికీ రాకపోతే అదే మీ అప్పీలులో మొదటి పాయింటు. "దరఖాస్తుదారుడికి తగినంత ఆస్తి లేదు" అని రాశారా? ఆ ఒక్క కారణంతో కాదనకూడదని 14వ సెక్షన్ రెండో క్లాజు నేరుగా చెప్తోంది. పేదవాడి ప్రాణానికి విలువ తక్కువేమీ కాదని చట్టం గుర్తుపెట్టుకుని మరీ రాసిన మాట అది, నాకు ఈ చట్టంలో బాగా నచ్చే మాట కూడా.

ఆర్డరులో కారణమే లేకపోతే? కారణాలు రాసి ఉంచాలి, అడిగితే క్లుప్తంగా ఇవ్వాలి, ప్రజాప్రయోజనానికి భంగమని భావిస్తే తప్ప దాచకూడదు. కాబట్టి కారణాలు ఇమ్మని రాతపూర్వకంగా అడగండి.

అప్పీలుకు గడువు ఆర్డరు అందిన రోజు నుంచి 30 రోజులు. ఆలస్యమైతే సరైన కారణం చూపించి మన్నించమని కోరవచ్చు. అప్పీలులో మీ మాట వినకుండా తేల్చకూడదని 18వ సెక్షన్ అంటుంది, కాబట్టి స్వయంగానో వకీలు ద్వారానో వినిపించుకునే అవకాశం గట్టిగా అడగండి. రాష్ట్ర ప్రభుత్వమే నేరుగా ఇచ్చిన ఆర్డరైతే దాని మీద అప్పీలు ఉండదు, హైకోర్టుకే వెళ్లాలి.

8. లైసెన్సు వచ్చాక

లైసెన్సు ఐదేళ్లు చెల్లుతుంది, 2019కి ముందు మూడేళ్లే ఉండేది. రెన్యువల్‌కు గడువు ముగియడానికి కనీసం 60 రోజుల ముందే దరఖాస్తు చేయండి, గడువు దాటాక ఇంట్లో ఉన్న అదే తుపాకీ అక్రమ ఆయుధం అయిపోతుంది. లైసెన్సు ఏ ప్రాంతం వరకూ చెల్లుతుందో, ఎన్ని తూటాలు కొనొచ్చో దాని మీదే రాసి ఉంటుంది. హైదరాబాద్‌లో తీసుకున్నది జేబులో ఉందని బెంగళూరు పెళ్లికి తుపాకీ పట్టుకెళ్లకండి.

బయటికి తీసుకెళ్లేటప్పుడు చిన్న తుపాకీ హోల్‌స్టర్‌లో, పెద్దది కవర్‌లో ఉండాలి, చేత్తో పట్టుకుని ఊపుతూ తిరగడం నేరం. పెళ్లి ఊరేగింపుల్లో, పుట్టినరోజుల్లో గాల్లోకి కాల్చి ఇతరుల ప్రాణం మీదికి తెస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. రీల్స్ కోసం తుపాకీతో పోజులివ్వడం కూడా లైసెన్సుకు ఎసరు తెస్తుంది, "తగనివాడు" అని రాయడానికి పోలీసులకు ఆ వీడియో ఒక్కటి చాలు.

విమానాశ్రయాల్లో బ్యాగు అడుగున ఒక తూటా దొరికి కేసులు పాలైనవాళ్లు చాలామందే ఉన్నారు. షూటింగ్ రేంజ్‌కు తీసుకెళ్లిన బ్యాగునే ప్రయాణానికి వాడితే ఇలా అవుతుంది. రెంటికీ వేరు వేరు బ్యాగులు పెట్టుకోండి.

9. సస్పెండ్ చేస్తే, ఎన్నికలకు డిపాజిట్ చేయమంటే

సస్పెన్షన్, రద్దు రెండూ 17వ సెక్షన్ కిందే జరగాలి, కారణాలు రాయాలి. షోకాజ్ నోటీసు ఇచ్చి మీ జవాబు తీసుకోకుండా రద్దు చేస్తే సహజ న్యాయానికి విరుద్ధం. మీ మీద ఏదో క్రిమినల్ కేసు పెండింగ్‌లో ఉందన్న ఒక్క కారణంతో రద్దు చేయడం చెల్లదని వేర్వేరు హైకోర్టులు పదే పదే చెప్పాయి, ఆ కేసుకూ తుపాకీకీ, ప్రజాభద్రతకూ సంబంధం ఏమిటో ఆర్డరులో కనిపించాలి. ఆ కేసులో మీరు లైసెన్సు తుపాకీతోనే ఎవరినో బెదిరించారనుకోండి, అప్పుడు సంబంధం వెతకాల్సిన పని లేదు.

ఎన్నికల కోడ్ రాగానే "లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్లో అప్పగించాలి" అని ప్రకటన వస్తుంది. నిజానికి ఎన్నికల సంఘం చెప్పింది, స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సునూ విడిగా పరిశీలించి, బెయిల్ మీద ఉన్నవాళ్లు, నేరచరిత్ర ఉన్నవాళ్లు, ముందు ఎన్నికల్లో అల్లర్లలో ఉన్నవాళ్లు లాంటివారి నుంచి తీసుకోమని. అందర్నీ ఒకే గాటన కట్టడాన్ని బొంబాయి హైకోర్టు 2009లో తప్పుపట్టింది. అయినా స్టేషన్ నుంచి పిలుపు వస్తే ముందు అప్పగించి రసీదు తీసుకోండి, రసీదు మీద తుపాకీ నంబరు, తూటాల లెక్క, తేదీ ఉండాలి. అభ్యంతరం ఉంటే ఆ తర్వాత రాతపూర్వకంగా స్క్రీనింగ్ కమిటీకి పంపండి. స్టేషన్ గుమ్మంలో వాదనకు దిగితే ఇబ్బంది పడేది మీరే. ఫలితాలు వచ్చి వారం గడవగానే తిరిగి ఇవ్వాలి, ఇవ్వకపోతే వెంటబడండి, నెలల తరబడి స్టేషన్ గదిలో చెమ్మకు తుప్పు పట్టిన తుపాకులు ఎన్నో.

10. పోలీసులు ఇంటికి వస్తే

తుపాకీతో కనిపించిన వ్యక్తిని లైసెన్సు చూపించమని అడిగే అధికారం 19వ సెక్షన్ పోలీసులకు ఇచ్చింది, చూపించండి. ఇల్లు సోదా చేయడం వేరు. ఆయుధాల చట్టం 22వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ తన నమ్మకానికి కారణాలు ముందు రాసుకుని, ఆ తర్వాతే సోదా చేయించాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ ప్రకారం సోదా, స్వాధీనం వీడియో తీయాలి. అడ్డుపడొద్దు, కానీ పంచనామా కాపీ అడగండి, ఏది ఎక్కడ దొరికిందో సరిగ్గా రాశారో లేదో చదివాకే సంతకం పెట్టండి.

లైసెన్సు లేని మామూలు తుపాకీ దొరికితే 2019 తర్వాత శిక్ష రెండు నుంచి ఐదేళ్లు. ఇక్కడ రెండు రక్షణలు మర్చిపోవద్దు. ఒకటి, వస్తువు మీ దగ్గర ఉందని మీకు తెలిసి ఉండాలి, దాని మీద మీ పట్టు ఉండాలి, సుప్రీంకోర్టు 1972లోనే గున్వంత్‌లాల్ కేసులో ఈ సూత్రం చెప్పింది. అద్దెకున్నవాళ్లు అటక మీద దాచి వెళ్లినదానికి ఇంటి యజమాని నేరస్థుడైపోడు. రెండు, 3వ సెక్షన్ కింద నేరానికి (అంటే లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకోవడానికి) ప్రాసిక్యూషన్ మొదలుపెట్టాలంటే 39వ సెక్షన్ ప్రకారం జిల్లా మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తప్పనిసరి. ఛార్జిషీటులో ఆ అనుమతి ఉత్తరం ఉందో లేదో మీ వకీలును మొదటి రోజే చూడమనండి.

11. పేల్చాల్సి వస్తే

లైసెన్సు ఉందంటే కాల్చొచ్చని కాదు. కాల్పుల్ని తూచేది భారతీయ న్యాయ సంహితలో (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 34 నుంచి 44 దాకా ఉన్న ఆత్మరక్షణ సెక్షన్లు. పోలీసుల సాయం తీసుకునే సమయం ఉంటే ఆ హక్కు రాదు, అవసరానికి మించి హాని చేయకూడదు. ప్రాణం పోతుందన్న, లేదా తీవ్ర గాయం అవుతుందన్న సహేతుకమైన భయం లాంటి, చట్టం చెప్పిన కొన్ని తీవ్ర పరిస్థితుల్లోనే ఆ హక్కు ఎదుటివాడి ప్రాణం దాకా వెళ్తుంది. దొంగ గోడ దూకి పారిపోతుంటే వెనక నుంచి కాల్చినవాడికి లైసెన్సు ఉన్నా హత్యానేరం మీద పడొచ్చు. ఇది చదివాక "అలాంటప్పుడు తుపాకీ ఎందుకు" అనిపిస్తే, ఆ ప్రశ్నకు జవాబు దొరికాకే దరఖాస్తు చేయండి, తొందరేమీ లేదు.

12. పెద్దాయన తుపాకీ

లైసెన్సుదారుడు చనిపోతే తుపాకీ ఇంట్లో బీరువాలో అలాగే ఉంచేయడం చాలా ఇళ్లలో జరుగుతుంది. కర్మకాండల హడావిడిలో ఎవరికీ గుర్తుండదు, పైగా నాన్నగారి వస్తువు కదా అని మనసొప్పదు. కానీ ఆయన పోయిన రోజు నుంచి ఆ ఇంట్లో దానికి లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరూ లేరు, 21వ సెక్షన్ ప్రకారం అనవసర ఆలస్యం లేకుండా స్టేషన్‌లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. డిపాజిట్ చేసినంత మాత్రాన పోగొట్టుకున్నట్టు కాదు, వారసుల్లో ఒకరు మిగతావాళ్ల అంగీకార పత్రాలు, మరణ ధ్రువపత్రం పెట్టి తన పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేయొచ్చు. ఆయన బతికుండగానే, 70 ఏళ్లు నిండితేనో తుపాకీ 25 ఏళ్లుగా తన దగ్గర ఉంటేనో, తాను చెప్పిన వారసుడికి ఇప్పించమని కోరే వీలూ ఉంది, ఇది అందరికీ తేలికైన దారి. ఒక్కటి చూసుకోండి: ఒకరి పేరు మీద రెండు తుపాకులు మించకూడదని 2019 సవరణ తేల్చింది, అంతకుముందు మూడు ఉండేవి, వారసత్వంగా వచ్చింది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. ఇప్పటికే రెండున్న అన్న పేరు మీద నాన్నది వేయించుకుందామని కూర్చుంటే కుదరదు, ఏదీ లేని తమ్ముడో చెల్లెలో దరఖాస్తు చేయాలి.